డ్రాగ్ పందెంలో క్లచ్ కథ

రెండు కార్లు పక్కపక్కన నిలుస్తాయి. సంకేతం పడగానే నిలిచిన చోటినుండి బయలుదేరి, తిన్నని బాటమీద పావుమైలు, అంటే సుమారు 402 మీటర్లు, ఏది ముందుగా దాటితే దానిదే గెలుపు. దీనినే డ్రాగ్ పందెం అంటారు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఇది బాగా వ్యాపించింది. 1950లో శాంటా ఆనా విమానాశ్రయపు బాటమీద క్రమబద్ధంగా పందేలు మొదలయ్యాయి. వీధులలో సాగే ప్రమాదకరమైన పోటీలకు కట్టుబాటు కల్పించాలని 1951లో వాలీ పార్క్స్ నేషనల్ హాట్‌రాడ్ అసోసియేషన్‌ను స్థాపించాడు.

1964లో వచ్చిన పాంటియాక్ జి.టి.ఓ. వంటి కార్లను ‘మజిల్ కార్లు’ అన్నారు. మధ్యరకం కారులో పెద్దకారు ఇంజను పెట్టడమే వాటి రహస్యం. ఆ జి.టి.ఓ. ఇంజను పరిమాణం 389 ఘనపు అంగుళాలు, అంటే సుమారు 6.4 లీటర్లు. సామర్థ్యం 325 అశ్వసామర్థ్యాలు. గేర్లు చేతితో మార్చే రకం కారులో ఈ బలమంతా వెనుక చక్రాలకు చేరవలసింది ఒక్క క్లచ్ ద్వారానే.

క్లచ్ పనిచేసే తీరు సులభమే. ఇంజనుతో తిరిగే ఫ్లైవీలుకూ, ప్రెషర్ ప్లేటుకూ నడుమ ఒక బిళ్ళ ఉంటుంది. స్ప్రింగులు నొక్కినంతసేపూ మూడూ కలిసి తిరుగుతాయి. పెడలు తొక్కితే బిళ్ళ విడివడుతుంది. జి.టి.ఓ. ఇంజను మెలితిప్పే బలం, అనగా టార్క్, సుమారు 580 న్యూటన్ మీటర్లు. బిళ్ళ సగటు వ్యాసార్ధం 11 సెంటీమీటర్లు, ఘర్షణ గుణకం 0.3 అనుకొందాం. బిళ్ళకు రెండు ముఖాలుంటాయి గనుక 580ని 2, 0.3, 0.11ల లబ్ధంతో భాగిస్తే దాదాపు 8,800 న్యూటన్లు వస్తుంది. అంటే జారకుండా ఉండాలంటే స్ప్రింగులు సుమారు 900 కిలోల బరువంత ఒత్తిడి కలిగించాలి.

ఇంకా గట్టి స్ప్రింగులు వేస్తే మేలుకాదా అని విద్యార్థులు అడగవచ్చు. తొలినాటి పందెగాళ్ళు చాలామంది అలాగే ఆలోచించారు. అప్పటి టైర్లకు పట్టు తక్కువ. క్లచ్ ఒక్కసారిగా పట్టుకొన్నా టైర్లు నేలమీద జారి, పొగ లేచి, ఆ అదురును అవే మింగేవి. 1960 దశకంలో మెత్తని రబ్బరుతో, గాడులు లేని నున్నని పందెపు టైర్లు మెరుగుపడడంతో చిక్కు వచ్చిపడింది. టైరు నేలను వదలదు, క్లచ్ ఇంజనును వదలదు. బురదలో దిగబడిన బండిని ఎద్దులు ఒక్క ఉదుటున లాగితే మోకు తెగినట్టు, గేరుపెట్టె పళ్ళో, ఇరుసులో విరిగిపోయేవి. ఇంజను వేగమూ చక్రాల వేగమూ బయలుదేరేటప్పుడు సమానం కావు. ఆ తేడాకు ఎక్కడో ఒకచోట జారుడు ఉండి తీరాలి. టైరు జారకపోతే క్లచ్ జారాలి, అదీ జారకపోతే లోహం విరగాలి.

అయితే జారుడు ఊరికే రాదు. మనిషితో కలిపి 1,700 కిలోల కారు సెకనుకు 10 మీటర్ల వేగం అందుకొనేవరకు క్లచ్ జారిందనుకొందాం. ఆ సమయంలో కారుకు అబ్బిన గతిజశక్తి 85,000 జౌళ్ళు. ఇంజను వేగం మారకుండా ఉంటే సరిగా అంత శక్తే క్లచ్‌లో వేడిగా మారుతుంది. ఒక లీటరు నీటిని 20 డిగ్రీలు వేడెక్కించగల ఈ ఉష్ణం, సెకను అటూఇటూ కాలంలో పలుచని పైపొరమీద పడుతుంది. జిగురుపదార్థంతో అతికిన మామూలు బిళ్ళ మెత్తగా పట్టుకొంటుంది గాని, ఆ వేడికి దాని ఘర్షణ తగ్గిపోతుంది. లోహపు పొడిని అదిమి కాల్చిన బిళ్ళ వేడికి తాళుతుంది; కాని మామూలు కారులో కుదుపుతో పట్టుకొంటుంది. ఆనాటి బిళ్ళలలో ఆస్బెస్టాస్ వాడేవారు. దాని ధూళి ఊపిరితిత్తుల క్యాన్సరుకు కారణం గనుక పాత క్లచ్ విప్పినప్పుడు ఆ దుమ్మును గాలితో ఊదరాదు.

ఈ చిక్కుకు 1960 దశకపు చివర అత్యంత వేగవంతమైన పందెపు బండ్లలో ఒక ఉపాయం స్థిరపడింది. స్ప్రింగుల ఒత్తిడి కావాలనే తగ్గించి, క్లచ్ మీటల చివర చిన్న బరువులు తగిలించారు. బయలుదేరేటప్పుడు క్లచ్ కొంత జారుతుంది. వేగం పెరిగినకొద్దీ అపకేంద్ర బలం బరువులను బయటికి లాగి ప్లేటును బిగిస్తుంది. వేగం రెట్టింపయితే ఈ బలం నాలుగింతలు అవుతుంది. నాలుగు గేర్ల మజిల్ కారుకు దీనిని యథాతథంగా వాడితే వేరొక ఇబ్బంది ఉన్నది: గేరు మార్చేది అధిక వేగంలోనే, సరిగా అప్పుడే పెడలు రాయిలా బిగుస్తుంది. అందుచేత అటువంటి కార్లకు బరువులు మితంగా ఉండాలి.

ఆ అపకేంద్ర బలమే ఫ్లైవీలునూ చీల్చగలదు. 33 సెంటీమీటర్ల వ్యాసంగల ఫ్లైవీలు నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు 370 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంది. పోత ఇనుము పెళుసు. వేడి పగుళ్ళు పడితే ముక్కలై ఎగురుతుంది. అది తిరిగే చోటు నడిపేవాని పాదాల ముందే. ఉక్కు ఫ్లైవీలు, దానిచుట్టూ మందపాటి ఉక్కు కవచం వాడుకలోకి వచ్చినది ఇందువల్లనే. కవచం క్లచ్‌ను కప్పినా ముప్పు పూర్తిగా తొలగలేదు. 1970 మార్చి 8న లాంగ్‌బీచ్ చెంతనున్న లయన్స్ బాటమీద డాన్ గార్లిట్స్ బండిలో గేరుపెట్టె పేలి, అతని కుడిపాదంలో కొంతభాగం తెగిపోయింది. ఆస్పత్రి నుండి వచ్చాక అతడు ఇంజనును తన వెనుకకు మార్చి కొత్త బండి కట్టాడు. 1971లో పొమోనాలో దానితోనే గెలిచాడు.

నేటికీ అమెరికాలో ఆనాటి కార్లను బాగుచేసి పందేలకు తెచ్చేవారున్నారు. వారిలో అనుభవజ్ఞులు క్లచ్‌కంటే ముందు టైర్లను చూస్తారు. వీధి టైర్లయితే ఇంజను టార్క్‌కు కొంచెం మించిన పట్టుగల క్లచ్ చాలు. పందెపు టైర్లయితే స్ప్రింగుల ఒత్తిడిని మరలతో సరిచేసుకోగల రకం కొంటారు. అర్ధశతాబ్దం దాటిన గేరుపెట్టె ఎంత అదురుకు ఓర్చుతుందో దానినిబట్టి మర బిగిస్తారు. కొన్ని పరుగుల తరువాత బిళ్ళ మందం కొలిచి, అరిగిన మేరకు మర మళ్ళీ తిప్పుతారు.