హరీస్ హలీమైన దారి

ప్రవాసంలో నలుగురు తెలుగువాళ్ళం కూడితే తప్పకుండా వచ్చే మాట ఒకటుంది: "మన సంస్కృతిని ఎలా నిలబెట్టుకోవాలి?" అని. సభల్లో, సావనీర్లలో దీనికి జవాబులు చాలానే వచ్చాయి. నేను ఈ ప్రశ్నని కాస్త తిప్పి అడగదలచుకున్నాను. పొట్ట చేతబట్టుకుని పరాయి ఊరు చేరినవాడి తిండీ, మాటా ఎప్పుడు ఆ ఊరి తిండీ, ఆ ఊరి మాటా అవుతాయి? దీనికి మన ఇంట్లోనే ఉన్న మంచి ఉదాహరణ హైదరాబాదు. చిత్రమేమిటంటే, ఆ నగరం గురించి ఈ విధంగా ఆలోచించడం నేను మొదలుపెట్టింది ఖఫ్జీలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో.

ఖఫ్జీ పేరు విననివారి కోసం నాలుగు ముక్కలు. సౌదీ అరేబియా ఈశాన్యపు అంచున, సముద్రం ఒడ్డున, కువైట్ సరిహద్దుకి ఆనుకుని ఉన్న చమురు పట్టణం అది. 1922లో ఉఖైర్ ఒప్పందంతో ఎడారిలో గీతలు గీసినప్పుడు ఈ ప్రాంతాన్ని ఇటూ అటూ కాకుండా ఇద్దరికీ ఉమ్మడిగా 'తటస్థ మండలం' అని వదిలేశారు. 1957లో సౌదీ ప్రభుత్వమూ, 1958లో కువైటూ ఇక్కడి సముద్రంలో చమురు వెతుక్కునే హక్కుని జపాన్ వారి అరేబియన్ ఆయిల్ కంపెనీకి ఇచ్చాయి. 1960లో చమురు పడింది, దాని వెనకే ఊరు పెరిగింది. 1965 ఒప్పందంతో నేలని చెరిసగం పంచుకున్నారు, చమురుని మాత్రం ఉమ్మడిగానే ఉంచుకున్నారు. 1991 జనవరి ఆఖరులో ఇరాకీ సైన్యం చొరబడి, ఫిబ్రవరి 1 నాటికి వెనక్కి పోయిన యుద్ధం వల్ల ఈ పేరు కొన్నాళ్ళు ప్రపంచమంతా మోగింది. అంతకుమించి చెప్పుకోదగ్గ పాతబస్తీ, పాత బజారు ఏవీ అక్కడ లేవు. పనికోసం వచ్చినవాళ్ళ ఊరు.

అలాంటి ఊళ్ళో అరబీ ముక్క రాకుండా దిగిన తెలుగువాడికి చెవిన పడేవి చాలావరకు తెలిసిన మాటలే. కొట్టు 'దుక్కాన్', కూర్చునేది 'కుర్సీ', రాసేది 'కలమ్', పెట్టె 'సందూక్'. తెలంగాణ ఇళ్ళల్లో అమ్మమ్మలు చీరలు దాచుకునే సందూగ ఇదే. జవాబు, తారీఖు, ఖాళీ, వకీలు, అసలు, బాకీ, రద్దు, ఇలా లెక్కపెడుతూ పోతే మన తెలుగు ఎంత అరబీ మోస్తోందో తెలుస్తుంది. నవ్వు తెప్పించేవీ ఉన్నాయి. 'మాఫీ' అంటే మనకు రుణమాఫీ గుర్తొస్తుంది. అక్కడ 'మా ఫీ' అంటే 'లేదు' అని. 'మా ఫీ ఫులూస్' అన్న షావుకారు అప్పు రద్దు చేస్తున్నాడని సంబరపడకూడదు. చేతిలో డబ్బు లేదంటున్నాడు.

అయితే ఈ మాటలు అరబ్బుల నోటినుంచి నేరుగా మనకు రాలేదు. ఒక చిన్న ధ్వని దీన్ని పట్టిస్తుంది. మనం 'హాజరు' అనేదాన్ని అరబ్బులు 'హాదిర్' అంటారు. మన 'జప్తు' వాళ్ళకి 'దబ్త్'. మన 'కాజీ' వాళ్ళకి 'కాదీ', మన 'రంజాన్' వాళ్ళకి 'రమదాన్'. అరబీలో ఉన్న ఆ 'ద' లాంటి అక్షరాన్ని 'జ'కి దగ్గరగా పలికేది పారసీకులు. అంటే ఈ మాటలు పారసీ కచేరీల గుండా, దస్తావేజుల గుండా, సుల్తానుల, నవాబుల రెవెన్యూ లెక్కల గుండా మన పల్లెలకు చేరాయన్నమాట. రైతు, జిల్లా, తహసీలు అన్నీ ఆ దారినే వచ్చాయి.

మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో చార్మినారు కట్టి ఊరికి ముహూర్తం పెట్టేనాటికే ఈ ఇచ్చిపుచ్చుకోడాలు సాగుతున్నాయి. ఆయన తండ్రి ఇబ్రహీం కుతుబ్ షాని తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అచ్చతెలుగులో తొలికావ్యమైన యయాతి చరిత్రని పొన్నికంటి తెలగన్న అంకితమిచ్చింది పటాన్‌చెరు ఏలిన అమీన్ ఖానుకి. సంస్కృతం కలవని తెలుగుకి దోసిలిపట్టినవాడు పారసీ దర్బారు మనిషి! ఇక కులీ కుతుబ్ షా స్వయంగా కవిత్వం రాసిన దక్కనీ సంగతి చూడండి. వద్దనడానికి హైదరాబాదీ అనే 'నక్కో' మరాఠీ సొమ్ము. "వస్తానని చెప్పాడు" అన్నప్పుడు మనం వాడే 'అని'కి బదులుగా వాళ్ళు 'బోల్కే' అంటారు. ఉత్తరాది ఉర్దూలో ఈ వాడుక లేదు. మాట ఉర్దూదే, కట్టు మాత్రం తెలుగుది. చింతచిగురుతో వండిన మాంసానికి 'చుగర్ గోష్త్' అని పేరు. ఆ చుగర్ మన చిగురే.

రెండో దారి సిపాయిలది. ఇది దక్షిణ యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి మొదలవుతుంది. ఖఫ్జీకీ దానికీ మధ్య అరేబియా ఎడారి మొత్తం పరుచుకుని ఉంది, కానీ బతుకుతెరువు కథ ఒకటే. వాన లేని, తిండి చాలని ఆ లోయల నుంచి పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల్లో కుర్రవాళ్ళు ఓడలెక్కి నిజాం కొలువులో సిపాయిలుగా చేరారు. వాళ్ళ నాయకులు జమాదార్లు. కొందరు జమాదార్లు సర్కారుకే అప్పులిచ్చేటంత వాళ్ళయ్యారు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్‌కి వాళ్ళ పలుకుబడి తగ్గించడమే పెద్ద పని అయింది. సిపాయిలున్న బారకాసులే నోళ్ళలో నలిగి 'బర్కస్' అన్న పేటగా మిగిలాయి.

వాళ్ళు ఇంటికి పంపిన డబ్బు ఏం చేసిందో వింటే గల్ఫ్ పల్లెలు తెలిసినవాళ్ళకు ఆశ్చర్యం కలగదు. మనవాళ్ళు పంపిన రియాళ్ళు, దీనార్లు డాబాలయ్యాయి. వాళ్ళు పంపిన హైదరాబాదు రూపాయలు రాజ్యాలయ్యాయి. ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ హైదరాబాదులో జమాదారు. ఆయన కొడుకులు 1881లో ముకల్లా రేవుని పట్టుకున్నారు. వాళ్ళ సుల్తాను రాజ్యం 1967 దాకా నిలిచింది. వాళ్ళ శత్రువులైన కథీరీల్లోనూ నిజాం కొలువు చేసినవాడున్నాడు. అంటే హద్రమౌత్ అంతఃకలహానికి ఖర్చు కొంత మూసీ ఒడ్డు జీతాల్లోంచే పోయిందన్నమాట.

ఇప్పుడు తిండి దగ్గరికి వద్దాం. ఖఫ్జీలో రంజాను నెలలో హరీస్ వండుతారు. 'హరస' అంటే దంచడం. గోధుమలు నానబెట్టి, మాంసంతో కలిపి, గంటలతరబడి ఉడికించి, రెండూ ఏకమయ్యేలా మెదుపుతారు. పైన నెయ్యి. ఉప్పూ, మహా అయితే కాస్త దాల్చినచెక్కా తప్ప మరో ఆర్భాటం ఉండదు. నాతో తిన్న హైదరాబాదు మిత్రుడొకడు, "బాగుంది గానీ, మనవాళ్ళు దీనికి ఇంకా పెండ్లి చెయ్యలే" అన్నాడు. ఆ పెండ్లి హైదరాబాదులో జరిగింది. ఆరో నిజాం కాలంలో అరబ్బులతో వచ్చిన ఈ వంటకాన్ని, ఏడో నిజాం దర్బారులో ఉన్న ముకల్లా వంశీకుడు సుల్తాన్ సైఫ్ నవాజ్ జంగ్ తన విందులతో ప్రచారంలోకి తెచ్చాడని చెబుతారు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిరప, గరంమసాలా, పప్పులు, వేయించిన ఉల్లి, నిమ్మరసం ఒక్కొక్కటే చేరాయి. మట్టి భట్టీ మీద దేగిసా పెట్టి పొడుగాటి కర్రలతో ఇద్దరు మనుషులు మెదుపుతుంటే హరీస్ కాస్తా హలీమైంది. 2010లో హైదరాబాదీ హలీంకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో హరీస్‌ని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్పించుకున్నాయి సౌదీ, ఒమాన్, ఎమిరేట్లు. తల్లికీ బిడ్డకీ వేర్వేరు ఇంటిపేర్లతో పట్టాలు దొరికాయి. బర్కస్‌లో మాత్రం ఇప్పటికీ తీపి హరీస్ కూడా దొరుకుతుంది.

ఇలాంటి జంటలు ఇంకా ఉన్నాయి. ఖఫ్జీలో ఉపవాసం విడిచాక తినే తీపి ఉండలు 'లుఖైమాత్'. 'లుఖ్మా' అంటే ముద్ద, ఇవి చిన్న ముద్దలు. హైదరాబాదు పెళ్ళిళ్ళలో కైమా కూరి వేయించే పలకల 'లుఖ్మీ'దీ అదే మాట. అరబీలో 'మరఖ్' అంటే పులుసునీళ్ళు. మన పాతబస్తీ విందులో మొదట వచ్చే పల్చటి ఎముకల చారు 'మరగ్'. కానీ బిర్యానీ పక్కన వడ్డించే మిర్చీకా సాలన్‌లో చూడండి: చింతపండు, నువ్వులు, పల్లీలు. అది తెలుగు పొలంలోంచి వచ్చిన పులుసు. వచ్చినవాడి కుండలో పొరుగింటి పంట పడినప్పుడే కొత్త వంట పుట్టింది.

అలా పడాలంటే పొరుగు ఉండాలి, ఉండనివ్వాలి. హద్రమౌత్ సిపాయిలు చాలామంది హైదరాబాదులోనే పెళ్ళిళ్ళు చేసుకున్నారు. హలీం రుచి మారింది ఆ ఇల్లాళ్ళ చేతుల్లోనేనని నా నమ్మకం. వాళ్ళ పిల్లల్ని అరబీలో 'మువల్లద్'లు అంటారు, అంటే పరాయి నేల తల్లులకు పుట్టినవాళ్ళని. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత ఈ అరబ్బులకు పెద్ద కష్టం వచ్చింది. చాలామందిని నిర్బంధించారు, కొందరిని ఓడలెక్కించి అరేబియాకి పంపించారు. పుట్టినప్పటినుంచి మూసీ నీళ్ళు తాగి, దక్కనీ తప్ప వేరే మాట రానివాణ్ణి "నీ దేశం ఏది?" అని అడిగితే ఏం చెప్పగలడు?

ఆ ప్రశ్నకి జవాబు నేను ఖఫ్జీలో విన్నాను. బర్కస్ నుంచి వచ్చి అక్కడ డ్రైవరు పని చేసే పెద్దాయన ఒకాయన ఉండేవారు. వాళ్ళ ముత్తాత ముకల్లా నుంచి హైదరాబాదు వచ్చాడట. ఈయన తిరిగి అరేబియా చేరారు, మనందరిలాగే ఇకామా కార్డు జేబులో పెట్టుకుని. "ఉధర్ హమ్‌కు అరబ్ బోల్తే, ఇధర్ హిందీ బోల్తే. హమ్ తో హైదరాబాదీచ్ హై నా, భాయ్" అనేవారు. అక్కడ అరబ్బు అంటారు, ఇక్కడ ఇండియావాడంటారు, మేము మాత్రం హైదరాబాదీలమే అని. ఆ చివరి 'చ్' కూడా దక్కన్ మట్టిదే.

మరి మన సంగతి? రాకపోకల దిశ మారి ఎంతో కాలం కాలేదు. ఖఫ్జీ నుంచి సరిహద్దు దాటితే వచ్చే కువైట్‌లో 1961 దాకా చెల్లింది మన రూపాయే. గల్ఫ్ దేశాల కోసమని 1959లో రిజర్వు బ్యాంకు ప్రత్యేకం నోట్లు కూడా అచ్చు వేసింది. గల్ఫ్ అరబీలో ఫ్యానుని ఇప్పటికీ 'బంకా' అంటారు, మన పంఖాయే. తిన్నగా పొమ్మనడానికి 'సీదా' అంటారు. 1973లో చమురు ధర పెరిగాక పాతబస్తీ నుంచీ, కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచీ మనవాళ్ళు బయలుదేరారు. కానీ మన కొలువు ఒప్పందం గడువంత. 2014 అక్టోబరులో ఖఫ్జీ సముద్ర క్షేత్రంలో ఉత్పత్తి ఆగింది, 2020 దాకా మళ్ళీ మొదలవలేదు. ఈలోగా 2017 జూలై నుంచి కుటుంబంలో ఒక్కొక్కరికీ నెలకు 100 రియాళ్ళ రుసుం వచ్చింది. ఏటా పెరిగి 2020 నాటికి 400 అయింది. భార్యాపిల్లల్ని ఇంటికి పంపేసి మళ్ళీ గదుల్లో చేరిన తండ్రులు ఎందరో. అక్కడే పుట్టి, బడిలో అరబీ నేర్చి, సముద్రం ఒడ్డున సైకిలు తొక్కిన పిల్లలు ఒక్క వేసవిలో 'సొంత ఊరు' చేరారు. వాళ్ళకి అది సొంతమా, కొత్తదా అని అడిగినవాళ్ళు లేరు.

జపాన్ కంపెనీ సౌదీ ఒప్పందం 2000లో ముగిసింది. నలభై ఏళ్ళకు పైగా అక్కడ పనిచేసి వెళ్ళినవాళ్ళ వంట జాడ ఖఫ్జీ ఇళ్ళల్లో నా కంటికి ఎక్కడా కనబడలేదు. అందుచేత ఏళ్ళ లెక్క ఒక్కటే చాలదనుకుంటాను. కాంపౌండు గోడ వెనక వండుకున్న వంట వండినవాళ్ళతోనే వెళ్ళిపోతుంది. గోడమీదుగా గిన్నె చెయ్యి మారితే కథ వేరు.

గడువు మనుషులమైనా మనం ఉత్త చేతులతో తిరిగిరాలేదు. అన్నం మీద మాంసాన్ని నేలగుంతలో మగ్గబెట్టే హద్రమౌత్ వంట 'మందీ'. తడి, మంచు అన్న అర్థమున్న మాటలోంచి ఆ పేరు వచ్చింది. బర్కస్‌లో మొదలై, గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళ నాలుక రుచితో పుంజుకుని, ఇప్పుడది విజయవాడ, కరీంనగర్ రోడ్ల మీద 'మండి' అన్న బోర్డులతో కనిపిస్తుంది. ధాన్యం మండీయో, మిరపకాయల మండీయో అనుకుని పెద్దవాళ్ళు తడబడతారు. ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని పంచుకు తినే పద్ధతి కూడా దానితోనే వచ్చింది. మనవాళ్ళు పక్కన మిరపకాయ కారం పెట్టడం అప్పుడే మొదలుపెట్టారు. మరో యాభై ఏళ్ళకి దానికీ ఒక పట్టా రాకపోదు.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో స్థిరపడిన మన కుటుంబాలకు ఖఫ్జీవాళ్ళకు లేని వీలు ఒకటుంది: ఉండిపోవచ్చు. అందుకని, సంస్కృతిని నిలబెట్టుకోవడమంటే గోంగూరని ఫ్రీజర్లో దాచుకోవడం అనుకోకుండా, పక్కింటివాళ్ళ కుండలోకి ఒక గరిటెడు పంపితే బాగుంటుందని నా మనవి. వాళ్ళు దాన్లో ఏదో కలుపుతారు, పేరు కూడా పాడుచేస్తారు. చిగురుని చుగర్ అన్నవాళ్ళ ఇళ్ళల్లో అది నాలుగు వందల ఏళ్ళుగా ఉడుకుతూనే ఉంది కదా.