అంబులెన్సు మందులపెట్టె: గుండె అత్యవసర ఔషధాల చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
గుండె జబ్బుతో ప్రాణాపాయంలో ఉన్నవారికి ఆసుపత్రి చేరకముందే మందులిచ్చే వ్యవస్థ 1966 తరువాత రూపుదిద్దుకుంది. అంతవరకు వైద్యులకే పరిమితమైన మందులు పారామెడిక్‌ల చేతికి ఎలా వచ్చాయి, వాటిలో ఏవి నిలిచాయి, ఏవి తొలగిపోయాయి అన్న అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తర్కాన్ని నమ్మి పెట్టెలో చేర్చిన మందులను క్షేత్రపరీక్షలు ఒక్కొక్కటిగా ప్రశ్నించాయని, ఆ క్రమంలో ‘ప్రాణం నిలపడం’ అన్న మాటకు అర్థమే మారిందని చూపడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: పారామెడిక్, గుండెపోటు, అడ్రినలిన్, లిడోకెయిన్, అట్రోపిన్, ఆస్పిరిన్, 108 సేవ.

1. ఉపోద్ఘాతం

1960ల తొలినాళ్లలో పాశ్చాత్య దేశాల ఆసుపత్రులలో గుండెపోటు రోగుల కోసం ప్రత్యేక విభాగాలు ఏర్పడ్డాయి. గుండె లయను నిరంతరం గమనిస్తూ, అది తప్పిన క్షణంలోనే చికిత్స చేయడం వాటి ప్రత్యేకత. అయితే గుండెపోటు మరణాలలో అధికభాగం తొలి గంటలలోనే, రోగి ఆసుపత్రి గడప తొక్కకముందే సంభవిస్తాయి. అందువల్ల ఎంత గొప్ప విభాగమైనా అక్కడికి చేరగలిగినవారికే ఉపయోగపడింది. ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నంలోంచే అంబులెన్సు మందులపెట్టె పుట్టింది. దాని చరిత్రను రెండు ప్రశ్నలు నడిపించాయి. మందు ఇచ్చే అధికారం ఎవరిది? ఇచ్చిన మందు నిజంగా మేలు చేస్తున్నదా?

2. పెట్టెకు పూర్వం మందులు

పెట్టెలో చేరిన మందులలో పెక్కు అప్పటికే పాతవి. వాటిలో కొన్ని గుండె కోసం పుట్టినవి కావు. 1847లో సోబ్రెరో తయారుచేసిన నైట్రోగ్లిజరిన్ పేలుడు పదార్థంగా పేరు పొందింది. 1879లో విలియం మరెల్ దానిని గుండెనొప్పికి మందుగా ప్రతిపాదించాడు. ఉమ్మెత్తలోనూ ఉండే అట్రోపిన్ మందగించిన గుండె వేగాన్ని పెంచుతుంది. అడ్రినల్ గ్రంథి సారం రక్తపోటును పెంచుతుందని 1894లో ఆలివర్, షేఫర్ ప్రకటించారు. జపాను శాస్త్రవేత్త టకమినే 1901 నాటికి దానిని శుద్ధరూపంలో వేరుచేశాడు. అదే అడ్రినలిన్. 1943లో స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్ రూపొందించిన లిడోకెయిన్ మొదట మత్తుమందు. పంటివైద్యులు వాడిన ఆ మందే తరువాత గుండె లయ తప్పకుండా ఆపే మందుగా ఆసుపత్రులలోకి వచ్చింది.

3. బెల్‌ఫాస్ట్ ప్రయోగం

ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ నగరంలో, రాయల్ విక్టోరియా ఆసుపత్రి హృద్రోగ వైద్యుడు ఫ్రాంక్ పాంట్రిడ్జ్ తన సహచరుడు జాన్ గెడ్డెస్‌తో కలిసి 1966 జనవరిలో ఒక సంచార చికిత్సా వాహనాన్ని ప్రారంభించాడు. కారు బ్యాటరీలతో పనిచేసే డీఫిబ్రిలేటర్ అందులో ఉండేది. దాని బరువు సుమారు 70 కిలోలు. వాహనంలో వైద్యుడు, నర్సు వెళ్లి రోగి ఉన్నచోటనే చికిత్స మొదలుపెట్టేవారు. ఈ అనుభవాలను వారు 1967లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించారు.

రోగిని ఆసుపత్రికి వేగంగా తరలించడం ఒక్కటే అంబులెన్సు పని అన్న భావనను ఈ ప్రయోగం మార్చింది. గుండెపోటు తొలి గంటలో ఏం జరుగుతుందో ప్రత్యక్షంగా చూసే అవకాశం కూడ కలిగింది. ఆ సమయంలో చాలామందిలో గుండె వేగం మందగించడం బెల్‌ఫాస్ట్ వైద్యులు గమనించారు. దానికి విరుగుడుగా అట్రోపిన్ వాడకం ప్రాముఖ్యం పొందింది.

4. మందు ఇచ్చే అధికారం

బెల్‌ఫాస్ట్ నమూనాకు ఒక పరిమితి ఉంది. ప్రతి వాహనంలోనూ వైద్యుడు ఉండటం అన్ని నగరాలకూ సాధ్యం కాదు. ఈ చిక్కుకు అమెరికాలో వేరొక పరిష్కారం వెదికారు. మయామీలో యూజీన్ నేగెల్ అగ్నిమాపక సిబ్బందికి శిక్షణ ఇచ్చి, రోగి గుండె లయ చిత్రాన్ని రేడియో ద్వారా ఆసుపత్రి వైద్యునికి చేరవేసే పద్ధతిని రూపొందించాడు. అధికారం వైద్యునిదే, చేయి మాత్రం సిబ్బందిది. సియాటిల్‌లో లెనార్డ్ కాబ్, అగ్నిమాపక అధికారి గార్డన్ విక్రీ కలిసి 1970లో ‘మెడిక్ వన్’ సేవను ఆరంభించారు. అదే ఏడాది కాలిఫోర్నియా రాష్ట్రం వెడ్‌వర్త్–టౌన్‌సెండ్ చట్టం ద్వారా పారామెడిక్‌ల చికిత్సకు చట్టబద్ధత కల్పించింది.

ఈ క్రమంలో పిట్స్‌బర్గ్ ఉదంతం విశేషంగా పేర్కొనదగినది. 1967లో అక్కడి హిల్ ప్రాంతానికి చెందిన నల్లజాతి యువకులతో ‘ఫ్రీడమ్ హౌస్’ అంబులెన్సు సేవ మొదలైంది. అంతకుముందు ఆ నగరంలో రోగులను పోలీసు వ్యానులలో తరలించేవారు. వైద్యుడు పీటర్ సఫార్ ఈ యువకుల శిక్షణను రూపొందించగా, 1974లో నాన్సీ కెరొలిన్ వైద్య బాధ్యతలు స్వీకరించింది. చదువు మధ్యలో ఆపినవారు, ఉద్యోగం దొరకనివారు నాటి అమెరికాలో మేలైన అత్యవసర చికిత్స అందించగలిగారు. అయినా 1975లో నగరపాలన సొంత సేవను ఏర్పాటు చేయడంతో ఫ్రీడమ్ హౌస్ మూతపడింది. అందులో పనిచేసినవారిలో పలువురికి కొత్త వ్యవస్థలో తగిన స్థానం దక్కలేదు. నైపుణ్యం నిరూపితమైనా సామాజిక విశ్వాసం దానితోపాటు రాలేదని ఈ ఉదంతం తెలుపుతుంది.

5. తర్కం నుండి పరీక్షకు

తొలి తరం పెట్టెలో అడ్రినలిన్, అట్రోపిన్, లిడోకెయిన్, సోడియం బైకార్బొనేట్, కాల్షియం క్లోరైడ్ ప్రధానమైనవి. ప్రతి మందు వెనుకా ఒక తర్కం ఉంది. గుండె ఆగితే రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, కనుక క్షారమైన బైకార్బొనేట్ ఇవ్వాలి. గుండె కండరం ముడుచుకోవడానికి కాల్షియం అవసరం, కనుక అది ఇవ్వాలి. అదనపు స్పందనలు ప్రాణాంతకమైన లయభంగానికి ముందస్తు సూచనలు, కనుక లిడోకెయిన్‌తో వాటిని అణచాలి. ఈ తర్కాలలో లోపమేదీ పైకి కనిపించదు. తర్కం సరిగా ఉన్నంత మాత్రాన రోగి బ్రతుకుతాడా అన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్నను బలంగా ముందుకు తెచ్చినది 1989లో వెలువడిన ‘కాస్ట్’ పరీక్ష ఫలితం. ఇది అంబులెన్సులో జరిగినది కాదు. గుండెపోటు నుండి కోలుకున్నవారిలో అదనపు స్పందనలను అణచడానికి ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మాత్రలు ఇచ్చారు. స్పందనలు అణిగాయి. కాని ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారికంటె మందు తీసుకున్నవారిలోనే మరణాలు ఎక్కువయ్యాయి. తెరమీద కనిపించే గీత బాగుపడటం, మనిషి బాగుపడటం ఒకటి కావని వైద్యలోకం గ్రహించింది. గుండెపోటు వచ్చిన ప్రతివారికీ ముందుజాగ్రత్తగా లిడోకెయిన్ ఇచ్చే అలవాటు కూడ క్రమంగా తొలగిపోయింది. బైకార్బొనేట్, కాల్షియంల సాధారణ వాడకాన్ని అమెరికా మార్గదర్శకాలు 1986లోనే తగ్గించాయి. గుండె పూర్తిగా ఆగిన సందర్భాలలో అట్రోపిన్‌ను 2010లో తొలగించాయి. గుండె వేగం మందగించినప్పుడు మాత్రం అది నేటికీ వాడుకలో ఉంది.

లిడోకెయిన్ స్థానంలోకి వచ్చిన ఎమియోడరోన్ చరిత్ర మరింత బోధప్రదం. సియాటిల్ పారామెడిక్‌లు 504 మంది రోగులపై జరిపిన పరీక్ష 1999లో వెలువడింది. ఎమియోడరోన్ పొందినవారిలో 44 శాతం, పొందనివారిలో 34 శాతం ప్రాణంతో ఆసుపత్రిలో చేరారు. అయితే ప్రాణంతో ఇంటికి వెళ్లినవారి నిష్పత్తిలో తేడా కనిపించలేదు. 2016లో 3,026 మందితో జరిగిన పెద్ద పరీక్షలో ఇంటికి చేరినవారు ఎమియోడరోన్‌తో 24.4 శాతం, లిడోకెయిన్‌తో 23.7 శాతం, ఏ మందూ లేకుండా 21 శాతం. గణాంకశాస్త్రం ప్రకారం ఈ తేడా నిర్ధారణకు చాలలేదు. కుప్పకూలడాన్ని పక్కనున్నవారు చూసిన సందర్భాలలో మాత్రం రెండు మందులూ మేలు చేసినట్లు కనిపించింది. మందు గుణం కాలాన్ని బట్టి ఉంటుందని దీనివల్ల భావించవచ్చు.

ఈ మందులన్నింటితో పోల్చితే ఆస్పిరిన్ సామాన్యమైనది. 1988లో ప్రకటితమైన ‘ఐసిస్-2’ పరీక్షలో 17,187 మంది గుండెపోటు రోగులు పాల్గొన్నారు. అయిదు వారాలలో రక్తనాళ సంబంధ మరణాలను ఆస్పిరిన్ సుమారు 23 శాతం తగ్గించింది. సూది, రేడియో ఏదీ అవసరంలేని ఈ చవక మాత్ర పెట్టెలో స్థిరంగా నిలిచింది.

6. అడ్రినలిన్: ప్రాణమా, స్పృహా?

గుండె ఆగినప్పుడు అడ్రినలిన్ ఇవ్వడం వైద్యంలో దాదాపు ఆచారంగా స్థిరపడింది. దానిని ప్రశ్నించడమే అపచారంగా తోచిన కాలమది. ఆస్ట్రేలియాలో జరిగిన ఒక పరీక్షనుండి పలు అంబులెన్సు సేవలు వైదొలగగా, చివరకు 534 మందితోనే 2011లో ఫలితాలు వెలువడ్డాయి. ప్రాణం పోతున్న మనిషికి మందుకు బదులు ఉప్పునీరు ఎక్కించడం న్యాయమా అన్న ఆందోళన అందుకు కారణాలలో ఒకటి.

బ్రిటన్‌లో ‘పారామెడిక్-2’ పరీక్ష 2014 నుండి 2017 వరకు సాగింది. స్పృహలేని రోగి అనుమతి ఇవ్వలేడు కనుక ముందస్తు అనుమతి లేకుండానే చేర్చుకోవలసివచ్చింది. 8,014 మందిలో సగం మందికి అడ్రినలిన్, సగం మందికి ఉప్పునీరు అందింది. 30 రోజుల తరువాత ప్రాణంతో ఉన్నవారు అడ్రినలిన్ వర్గంలో 3.2 శాతం, రెండో వర్గంలో 2.4 శాతం. మందు పనిచేసింది. కాని ఆసుపత్రినుండి బయటపడినవారిలో తీవ్రమైన మెదడు నష్టంతో మిగిలినవారు వరుసగా 31 శాతం, 17.8 శాతం. గుండెను తిరిగి కొట్టించిన మందు మనిషిని పూర్తిగా తిరిగి తేలేకపోయింది. కేవలం బ్రతకడంకంటె తెలివితో బ్రతకడమే ముఖ్యమని పరీక్షకు ముందు సంప్రదించిన రోగులు, సామాన్య ప్రజలు అభిప్రాయపడటం గమనార్హం.

ఆ పరిశోధకుల లెక్క ప్రకారం ఒక ప్రాణం దక్కాలంటే 112 మందికి అడ్రినలిన్ ఇవ్వాలి. పక్కనున్నవారు ఛాతీ అదిమితే 15 మందికి ఒకరు, త్వరగా డీఫిబ్రిలేటర్ వాడితే అయిదుగురికి ఒకరు దక్కుతారు. అయినా మార్గదర్శకాలు అడ్రినలిన్‌ను తొలగించలేదు. దక్కే అవకాశమున్న ఆ ఒక్కరినీ ముందుగా గుర్తించే మార్గం లేదు.

7. తెలుగునేల అనుభవం

2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవ ఈ చరిత్రకు తెలుగునేలపై కొనసాగింపు. వాహనంలోని సాంకేతిక నిపుణుడు కేంద్రంలోని వైద్యునితో ఫోనులో మాట్లాడి చికిత్స చేసే పద్ధతిలో మయామీ రేడియో నమూనా ఛాయలు స్పష్టం. ‘నూటెనిమిది’ అన్న అంకె తెలుగువారి నిత్యవ్యవహారంలో అంబులెన్సుకు పర్యాయపదమైంది. పెట్టె ఎంత సంపన్నమైనా అది చేరేలోపు గడిచే నిమిషాలు ఇంటివారివి, ఇరుగుపొరుగువారివి. కనుక పై లెక్కలు ఇక్కడి సమాజానికీ వర్తిస్తాయి.

8. ముగింపు

మందులపెట్టె చరిత్రలో మొదటి ప్రశ్నకు, అంటే మందు ఎవరు ఇవ్వాలన్న దానికి, శిక్షణ, చట్టం కలిసి పదేళ్లలోనే సమాధానం కూర్చాయి. రెండో ప్రశ్నకు అర్ధశతాబ్దం పట్టింది. ఆ సమాధానం వల్ల పెట్టె చాలావరకు తేలికైంది. సామాన్య మాత్ర నిలిచింది, ఘనమైన తర్కంతో వచ్చిన కొన్ని మందులు వైదొలగాయి. మందును నమ్మకంతో కాక ఫలితంతో కొలవాలని, ఆ ఫలితాన్ని గుండె స్పందనతో కాక తిరిగి లభించిన జీవితంతో కొలవాలని ఈ చరిత్ర నిరూపిస్తున్నది.