‘హ్యాపీ’ అంటే సంతోషమేనా?

మన ఇళ్ళలో రోజూ వినిపించే ఇంగ్లీషు మాటల్లో ‘హ్యాపీ’ ఒకటి. పిల్లలు దాన్ని బడి నుంచి తెచ్చారు, మనం ఆఫీసు నుంచి తెచ్చాం. తెలుగులో చెప్పమంటే ‘సంతోషం’ అంటాం. ‘జాయ్’ అన్నా సంతోషమే, ‘గ్లాడ్’ అన్నా సంతోషమే. కాని మనుషులకు లాగే మాటలకూ పుట్టిన ఊరు, వంశం, వలస ఉంటాయి. ఈ నాలుగైదు మాటల పుట్టుపూర్వోత్తరాలు చూస్తే ఇంగ్లీషు వాళ్ళ చరిత్ర కొంత తెలుస్తుంది. మన ఇళ్ళలో పెద్దలకూ పిల్లలకూ మధ్య పడే ఒక చిక్కుముడి కూడా కొంత వదులవుతుంది.

ముందుగా ఇంగ్లండులో తొలినుంచీ ఉన్న మాటలు చూద్దాం. ‘గ్లాడ్’కు పాత ఇంగ్లీషులో మెరిసేది, ప్రకాశించేది అని అర్థం. వెలుగును చెప్పిన మాట పోనుపోను మనిషి ముఖానికీ, మనసుకూ వచ్చింది. ఇది మనకు వింత కాదు. మన ‘ఉల్లాసం’లోని ‘లస్’ ధాతువుకూ ప్రకాశించడమనే అర్థం ఉంది. ‘మెర్రీ’ మూలంలో ‘కొద్దిసేపు నిలిచేది’ అనే అర్థం ఉండి ఉంటుందని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. వేడుకలో పొద్దు తెలియదని మనమూ అంటాం కదా!

వీటన్నిటిలో పాపం ‘సిల్లీ’ గతి చూడండి. పాత ఇంగ్లీషులో ఈ మాటకు ధన్యుడు, దైవానుగ్రహం పొందినవాడు అని అర్థం. ధన్యుడు క్రమంగా అమాయకుడయ్యాడు, అమాయకుడు జాలిపడదగినవాడయ్యాడు, 16వ శతాబ్దం వచ్చేసరికి తెలివితక్కువవాడైపోయాడు. దాని జర్మన్ తోబుట్టువు ‘జేలిష్’ మాత్రం నేటికీ ధన్యుడనే అర్థంలోనే గౌరవంగా బతుకుతోంది. ఒకే తల్లి బిడ్డలు వేరువేరు దేశాల్లో పెరిగితే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచారు. వారితో ఫ్రెంచి భాష రాజసభకూ, న్యాయస్థానానికీ చేరింది. ‘జాయ్’ ఆ దారిన వచ్చిన మాట. లాటిన్‌లో ‘గౌదియుం’, ఫ్రెంచిలో ‘జ్వా’. 1200 ప్రాంతానికి ఇంగ్లీషులో స్థిరపడింది. ‘రిజాయిస్’, ‘ఎంజాయ్’ దాని బంధువులే. ‘డిలైట్’ కూడా ఫ్రెంచి నుంచి వచ్చిందే. దానికీ వెలుగునిచ్చే ‘లైట్’కూ చుట్టరికం లేదు, ఆ పోలికను చూసి 16వ శతాబ్దంలో దాని స్పెల్లింగు మార్చారు.

ఇక అసలు మాట ‘హ్యాపీ’. ఇది సముద్రం దాటి వచ్చిన స్కాండినేవియా వాళ్ళ ‘హాప్’ నుంచి పుట్టింది. ‘హాప్’ అంటే అదృష్టం, తటస్థించినది. జరగడాన్ని చెప్పే ‘హాపెన్’, బహుశా అనే ‘పర్‌హాప్స్’, ప్రమాదాన్ని చెప్పే ‘మిస్‌హాప్’ అన్నీ ఆ కుదురులోవే. 14వ శతాబ్దంలో ‘హ్యాపీ మనిషి’ అంటే అదృష్టవంతుడు. మనసులోని తృప్తిని చెప్పడం ముఖ్యంగా తర్వాతి కాలంలో వచ్చింది. ఇది ఇంగ్లీషు ఒక్కదానిలోనే కాదు. జర్మన్‌లో ‘గ్లుక్’ అంటే అదృష్టమూ అవుతుంది, ఆనందమూ అవుతుంది. ఆ రోజుల్లో యూరపు మనిషికి సుఖమనేది తలరాతను బట్టి వచ్చేది.

‘హ్యాపీ బర్త్‌డే’, ‘హ్యాపీ న్యూ ఇయర్’ అనే పలకరింపుల్లో ఆ పాత అర్థం ఇంకా మిగిలే ఉంది. అక్కడ కోరేది శుభం. వీటిని ‘జన్మదిన శుభాకాంక్షలు’, ‘నూతన సంవత్సర శుభాకాంక్షలు’ అని తెలుగు చేసినవారు ఎవరో గాని, మాట లోతు ఎరిగి చేశారు.

మరి తలరాత హక్కుగా ఎప్పుడు మారింది? జాన్ లాక్ 17వ శతాబ్దం చివర్లోనే, మనిషి సుఖాన్ని వెతుక్కుంటూ పోవడం గురించి రాశాడు. 1776 జూన్‌లో జార్జ్ మేసన్ వర్జీనియా హక్కుల ప్రకటనలో, జూలైలో జెఫర్సన్ స్వాతంత్ర్య ప్రకటనలో ఆ భావాన్ని చేర్చారు. జీవించే హక్కు, స్వేచ్ఛ, వాటి పక్కన సుఖాన్వేషణ. అప్పటి వాడుకలో ‘హ్యాపీనెస్’కు క్షేమం, సౌభాగ్యం అనే విశాలమైన అర్థం కూడా ఉండేది. కాలక్రమాన అది కుంచించుకుపోయి ఒక్కొక్కరి మనఃస్థితిగా మిగిలింది. హక్కు మాత్రం అలాగే ఉంది. అందుకే ఈ దేశంలో ‘నేను హ్యాపీగా లేను’ అనడం ఫిర్యాదుతో సమానం. ఉద్యోగం మానడానికీ, కాపురం విడిచిపెట్టడానికీ అదొక కారణమవుతుంది.

మన చిక్కు ఇక్కడే. మనం ఇంటికి రాసే ఉత్తరాలు ‘ఇక్కడ అందరం క్షేమం, మీ యోగక్షేమాలు తెలుపగలరు’ అని మొదలయ్యేవి. లేనిది సంపాదించుకోవడం యోగం, ఉన్నది కాపాడుకోవడం క్షేమం అని పెద్దలు చెప్పారు. ఈ దేశం వచ్చిన మనలో చాలామంది చేసింది ఆ రెండు పనులే. ఇక్కడ పెరిగిన కొడుకో కూతురో ‘నేను హ్యాపీగా లేను’ అన్నప్పుడు మన చెవికి యోగక్షేమాల లెక్కే వినిపిస్తుంది. ‘నీకేం తక్కువ చేశాం?’ అని ఇల్లు, చదువు, కారు ఏకరువు పెడతాం. వాళ్ళు చెప్పబోయింది వేరు. అలాగే ‘అమ్మా, నువ్వు హ్యాపీయేనా?’ అని వాళ్ళు అడిగితే, ‘నాకేం లోటురా!’ అంటుంది తల్లి. అడిగినది ఒకటి, చెప్పినది మరొకటి. ఇద్దరిలో ఎవరిదీ అబద్ధం కాదు.

‘జాయ్’కి మాత్రం ఈ గొడవ లేదు. దాన్ని హక్కుగా ఎవరూ అడగరు, వచ్చినప్పుడు వస్తుంది. ఇంగ్లీషు కవి వర్డ్స్‌వర్త్ 1815లో ప్రకటించిన ఒక పద్యంలో, అనుకోకుండా కలిగిన ఆనందాన్ని పంచుకోవడానికి కూతురివైపు తిరుగుతాడు. కూతురు అప్పటికే లేదు. 1812లో పసితనంలోనే పోయింది. దుఃఖంలో ఉన్న మనిషికీ ‘జాయ్’ కలుగుతుందని, కలిగి దుఃఖాన్ని మరింత గుర్తు చేస్తుందని ఆ పద్యం చూపిస్తుంది. మన ‘హర్షం’, ఇంగ్లీషు ‘హారర్’ ఒకే ప్రాచీన మూలం నుంచి వచ్చాయంటే ఆశ్చర్యంగా ఉంటుంది. ఒళ్ళు గగుర్పొడవడమే ఆ మూలానికి అర్థం. అది ఆనందంతోనూ కావచ్చు, భయంతోనూ కావచ్చు.

కనుక పిల్లల నోట ‘హ్యాపీ’ అనే మాట వచ్చినప్పుడు దాన్ని సంతోషమని వెంటనే తెలుగు చేసి, వెంటనే జవాబు చెప్పకుండా, ఏ అర్థంలో అన్నారో ఒకసారి అడుగుదాం. మనం ‘క్షేమం’ అన్నప్పుడు అందులో ఎంత కష్టం, ఎంత తృప్తి ఉన్నాయో వాళ్ళకూ చెబుదాం. రెండు భాషలున్న ఇంట్లో ఆ మాత్రం ఓపిక ఇద్దరికీ అవసరం.