కరవుపనుల మస్టరు నుండి ఉపాధి హామీ సాఫ్ట్‌వేర్ దాకా: అనంతపురం నేలపై పొడిగింపు స్థానాల చరిత్ర

వ్యాససంగ్రహం

ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ వ్యవస్థకు తరువాతి కాలంలో కొత్త భాగాలను చేర్చుకోవడానికి ముందుగానే విడిచిపెట్టే చోట్లను పొడిగింపు స్థానాలు అంటారు. అక్కడ చేరే భాగమే ప్లగిన్. ఈ స్థానాలను ఎవరు నిర్ణయిస్తారు, చేరిన భాగం విఫలమైతే ఏమవుతుంది, మూల వ్యవస్థ మారినప్పుడు పాత భాగాల గతి ఏమిటి అన్నవి సాంకేతిక ప్రశ్నలుగా కనిపిస్తాయి. ఉపాధి హామీ పథకం మొదలైన అనంతపురం జిల్లాలో ఇవే ప్రశ్నలు కూలీ చేతికందే డబ్బును నిర్ణయించాయి. 1877 నాటి కరవు కూలి వివాదం మొదలుకొని 2024 నాటి ఆధార్ చెల్లింపు నిబంధన వరకు ఈ చరిత్రను స్థూలంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అనంతపురం, కరవు పనులు, ఉపాధి హామీ, పొడిగింపు స్థానం, సామాజిక తనిఖీ, వేసవి భత్యం.

1. ఉపోద్ఘాతం

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో నాటి ప్రధానమంత్రి మన్మోహన్‌సింగ్ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. తొలి విడతలో దేశంలోని 200 జిల్లాలలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలలో పథకం అమలులోకి వచ్చింది. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ మెట్టనేలలో వేరుశనగ పంట పోతే బెంగళూరు బస్సెక్కడం తప్ప మరో దారి లేని కుటుంబాలు అనేకం. అటువంటి చోట ఏడాదికి 100 రోజుల పని చట్టబద్ధమైన హక్కు అయింది.

హక్కు చట్టంలో ఉన్నా, అది ఇంటికి చేరే దారి కాగితాల మీదుగా, ఆపైన కంప్యూటరు మీదుగా సాగింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేంద్రం ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌ను వాడక, టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థ చేత సొంత వ్యవస్థను తయారు చేయించుకుంది. ఇది ‘రాగాస్’ పేరుతో ప్రసిద్ధం. ఈ వ్యాసం దాని లోపలి కోడ్‌ను పరిశీలించదు. దానికి ఏయే భాగాలు ఎక్కడ, ఏ షరతులపై చేరాయి, ఏవి ఊడిపోయాయి అన్నంతవరకే పరిశీలిస్తుంది.

2. పొడిగింపు స్థానం: భావన

1972లో డేవిడ్ పార్నాస్ ప్రోగ్రాములను భాగాలుగా విడదీయడానికి ఒక ప్రమాణాన్ని ప్రతిపాదించాడు. మారే అవకాశమున్న ప్రతి నిర్ణయాన్నీ ఒక భాగంలో దాచిపెట్టాలి. మిగిలిన భాగాలకు దాని వివరం తెలియనక్కరలేదు. 2001లో ఐబీఎం సంస్థ బహిరంగంగా విడుదల చేసిన ఎక్లిప్స్ వ్యవస్థ ఈ ఆలోచనను చాలా దూరం తీసుకుపోయింది. అందులో మూల వ్యవస్థ ‘ఇక్కడ చేరవచ్చు, ఈ షరతులు పాటించాలి’ అని ప్రకటిస్తుంది. చేరదలచిన భాగం ‘నేను ఇక్కడ చేరుతున్నాను’ అని నమోదు చేసుకుంటుంది. చేరేది ఎవరు రాసిన భాగమో మూల వ్యవస్థకు ముందుగా తెలియనక్కరలేదు.

చెరువు కట్టిన నేలకు ఇది కొత్త సంగతి కాదు. తూము ఎక్కడ ఉండాలో కట్ట పోసేటప్పుడే నిర్ణయించాలి. ఆ తూము కింద ఏ పొలాలు వస్తాయో, ఏ పిల్లకాలువలు పుడతాయో ముందే తెలియకపోవచ్చు. తూము లేని చోట కట్టను తవ్వి నీళ్లు తీస్తే గండి పడుతుంది. కట్ట పూర్తయ్యాక ‘ఇక్కడ తూము లేదు’ అంటే దాని కింది పొలం ఎండుతుంది.

ఈ నిర్వహణలో నాలుగు ప్రశ్నలు ముఖ్యమైనవి. స్థానాన్ని ఎవరు ప్రకటిస్తారు? అక్కడ చేరే అర్హత ఎవరికి? చేరిన భాగం పనిచేయకపోతే మూల వ్యవస్థ సాగుతుందా? మూల వ్యవస్థ మారినప్పుడు పాత భాగాలకు స్థానం దక్కుతుందా? తరువాతి భాగాలలో ఈ నాలుగింటినీ అనంతపురం అనుభవానికి అన్వయించి చూద్దాం.

3. పూర్వరంగం: మార్పుకు చోటు లేని కూలి

1876-78 నాటి ధాత కరవులో ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలో భాగం. అనంతపురం ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది 1882లో. 1877 ఆరంభంలో కేంద్ర ప్రభుత్వ ప్రతినిధిగా మద్రాసు రాజధానికి వచ్చిన రిచర్డ్ టెంపుల్ కరవు పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపై ఒక అణా స్థాయికి కుదించాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ విలియం కార్నిష్ ఆ ఆహారంతో కాయకష్టం చేసే మనిషి నిలువలేడని వాదించాడు. కొన్ని నెలల తరువాత మద్రాసు ప్రభుత్వం కూలిని పెంచింది. అప్పటికే పనిస్థలాలలో బలహీనపడిన వారి సంఖ్య చాలా పెరిగింది.

ఈ వివాదంలో గమనించదగినది పాలనా నిర్మాణం. కూలి రేటు పైన నిర్ణయమైంది. స్థానికంగా నేల గట్టిదనాన్ని, ఎండ తీవ్రతను, కూలీ దేహస్థితిని బట్టి దానిని సవరించే చోటు ఆ నిర్ణయంలో లేదు. కింద ఉన్న అధికారి పైఅధికారితో తగవు పెట్టుకొని గెలిస్తేనే మార్పు సాధ్యమయ్యేది. 1880 కరవు కమిషన్ తరువాత వచ్చిన కరవు నియమావళులు పనిని, కొలతను, కూలిని, మస్టరును ఒక పద్ధతిలోకి తెచ్చాయి. స్వాతంత్ర్యానంతర కరవు పనులకూ ఆ ఒరవడే కొనసాగింది. కొలతను బట్టి కూలి అన్న సూత్రం ఉపాధి హామీ దాకా వచ్చింది.

4. చెల్లింపు: ప్రత్యామ్నాయం ఉన్న చేర్పు

రాగాస్ మూల వ్యవస్థ జాబ్‌కార్డు, పని అంచనా, మస్టరు, కొలత, చెల్లింపు ఉత్తర్వు అన్న వరుసలో నడిచేది. మండల కార్యాలయాల్లోని కంప్యూటర్ కేంద్రాలలో ఈ వివరాలు నమోదయ్యేవి. కూలి ఎంత అన్నది ఈ వరుసలో తేలుతుంది. ఆ మొత్తం ఏ సంస్థ ద్వారా ఇంటికి చేరాలన్నది వేరే విషయం. మొదట తపాలా కార్యాలయాల ఖాతాల ద్వారా చెల్లించారు. తరువాత వేలిముద్రతో పనిచేసే స్మార్ట్‌కార్డులు, బ్యాంకు ప్రతినిధులు వచ్చారు. చెల్లింపు మార్గం మారినా జాబ్‌కార్డు, మస్టరు మారలేదు. పొడిగింపు స్థానానికి ఇది మంచి ఉదాహరణ.

స్మార్ట్‌కార్డులను అనంతపురం సహా 8 జిల్లాల్లోని 157 మండలాలలో ప్రవేశపెట్టిన తీరును కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అధ్యయనం చేశారు. 2016లో ప్రచురితమైన వారి పరిశోధన ప్రకారం చెల్లింపులు త్వరితమయ్యాయి, దారిమళ్లింపు తగ్గింది, పథకం అందుబాటు దెబ్బతినలేదు. ఈ చివరి ఫలితానికి కారణం ఆలోచించదగినది. రెండేళ్ల తరువాత కూడా దాదాపు సగం చెల్లింపులే కార్డుల ద్వారా జరిగాయి. కార్డు లేనివారికి పాత పద్ధతిలో కూలి అందింది. కొత్త భాగం విఫలమైనప్పుడు పాత దారి తెరిచే ఉంది. యంత్రం గొప్పతనంతో పాటు, యంత్రం తప్పినప్పుడు నిలిచిన ఆ దారికీ ఈ ఫలితంలో వాటా ఉందని భావించవచ్చు.

5. సామాజిక తనిఖీ: ప్రశ్నించే చేర్పు

ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ గ్రామసభ ద్వారా సామాజిక తనిఖీ జరగాలని నిర్దేశించింది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1990లలో నిర్వహించిన జన్ సున్‌వాయీలు దీనికి ఒరవడి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ తనిఖీ వేళ్లూనిన తొలి చోట్లలో అనంతపురం జిల్లా ఒకటి. 2009లో దీనికోసం ప్రత్యేక స్వతంత్ర సంఘం ఏర్పడింది.

తనిఖీ బృందాలు కంప్యూటర్ నుండి వచ్చిన మస్టర్ల, చెల్లింపుల ప్రతులను చేతబట్టుకొని ఇంటింటికీ వెళ్లి, పేరును, పనిదినాలను, అందిన సొమ్మును చదివి వినిపించేవి. తేడాలు మండలస్థాయి ప్రజావేదికలో చర్చకు వచ్చేవి. సమాచారాన్ని పుట్టించే యంత్రాంగం ఒకటి, దానిని ప్రశ్నించే యంత్రాంగం మరొకటి. మొదటిది తన సమాచారాన్ని చదవదగిన రూపంలో బయటికి ఇవ్వడం వల్ల రెండవది సాధ్యమైంది. అక్షరం రాని కూలీకి కూడా వ్యవస్థలో చోటు కల్పించిన పొడిగింపు ఇది. దీనికి అవసరమైనది తెలుగులో అచ్చైన ఒక జాబితా, దానిని బిగ్గరగా చదివే ఒక మనిషి.

6. వేసవి భత్యం: స్థానం కోల్పోయిన నియమం

కొలతను బట్టి కూలి ఇచ్చేచోట నేల గట్టిదనం కూలిని తగ్గిస్తుంది. వేసవిలో అనంతపురం గరుసునేలను తవ్వేవారు వానాకాలంలో తవ్వినంత తవ్వలేరు. దీనిని గుర్తించి ఆంధ్రప్రదేశ్ వేసవి భత్యాన్ని ఏర్పాటు చేసింది. ఫిబ్రవరిలో 20, మార్చిలో 25, ఏప్రిల్, మే నెలల్లో 30, జూన్‌లో 20 శాతం అదనంగా కూలి లెక్కలో కలిసేది. టెంపుల్ నాటి కూలికి లేని సవరణ స్థానం ఇక్కడ ఉంది. రాష్ట్రం నిర్ణయించిన ఒక శాతం, నెలను బట్టి, లెక్కలో తనంతట తానే చేరేది. కూలీ ఎవరినీ బతిమాలవలసిన పని లేకపోయింది.

2022లో రెండు తెలుగు రాష్ట్రాలూ తమ సొంత వ్యవస్థను విడిచి, జాతీయ సమాచార కేంద్రం రూపొందించిన కేంద్ర సాఫ్ట్‌వేర్‌కు మారాయి. ఆ వ్యవస్థలో వేసవి భత్యానికి స్థానం లేదు. భత్యం నిలిచిపోయింది. ఈ పరిణామాన్ని ‘సాంకేతిక మార్పు’ అనడం తేలిక. ఫలితం మాత్రం మే నెలలో మట్టి తవ్విన వ్యక్తి కూలిలో కనిపించింది. చట్టసభలో చర్చించి తొలగించవలసిన సదుపాయం, లెక్క వేసే యంత్రంలో గడి లేకపోవడం వల్ల పోయింది. నాలుగవ ప్రశ్నకు చరిత్ర ఇచ్చిన జవాబు ఇది.

అయితే ఏకీకరణకు తన హేతువు ఉంది. రాష్ట్రానికొక వ్యవస్థ ఉంటే నిధుల లెక్క ఒకచోట తేలదు. ఒక రాష్ట్రపు దుర్వినియోగాన్ని మరొక రాష్ట్రంతో పోల్చి చూడడం కష్టం. ఒకే మూల వ్యవస్థ ఉండడంలో తప్పు లేదు. రాష్ట్రాల నియమాలు చేరే స్థానాలను అందులో ప్రకటించకపోవడమే లోపం.

7. ద్వారంగా మారిన చేర్పు

2021లో ప్రవేశించిన మొబైల్ హాజరు యాప్ 2023 జనవరి 1 నుండి వ్యక్తిగత లబ్ధిదారుల పనులు మినహా మిగిలిన పనిస్థలాలకు తప్పనిసరి అయింది. పనిస్థలంలో రోజుకు రెండుసార్లు ఫోటో తీసి పంపాలి. ఆధార్ ఆధారిత చెల్లింపు 2024 జనవరి 1 నుండి తప్పనిసరి అయింది. రెండింటికీ అక్రమాల నివారణే ఉద్దేశం. నిర్మాణపరంగా మాత్రం ఇవి స్మార్ట్‌కార్డుకు భిన్నమైనవి. కార్డు పనిచేయకపోతే పాత దారి ఉండేది. సిగ్నల్ లేని గుట్టపక్కన ఫోటో పంపలేకపోతే ఆ రోజు హాజరే ప్రశ్నార్థకమవుతుంది. ఆధార్‌లో పేరు ఒకలా, జాబ్‌కార్డులో మరోలా ఉంటే చేసిన పనికి కూలి నిలిచిపోయే అవకాశం ఉంది. మూల వ్యవస్థకు పక్కన చేరవలసిన భాగం దాని ఏకైక ద్వారమైతే, అది ఇక ప్లగిన్ కాదు. దాని వైఫల్యమంతా కూలీ మీద పడుతుంది.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. చెల్లింపు మార్గం మారినా హక్కు చెదరకుండా నిలిచింది ప్రత్యామ్నాయం ఉన్నప్పుడే. తనిఖీ ఫలించింది సమాచారం కూలీకి అర్థమయ్యే రూపంలో బయటికి వచ్చినప్పుడే. స్థానిక నియమం బతికింది మూల వ్యవస్థలో దానికి పేరున్న స్థానం ఉన్నప్పుడే. పొడిగింపు స్థానాల నిర్వహణ అందువల్ల ప్రజావిధానంలో భాగం. కొత్త స్థానం తెరిచేటప్పుడు, పాతదాన్ని మూసేటప్పుడు ఆ నిర్ణయం గ్రామసభకు, శాసనసభకు తెలియవలసి ఉంది.

1877లో ఒక పౌను ధాన్యంపై జరిగిన తగవు అధికారుల ఉత్తరాలలో నమోదై ఉంది. అందుకే నేటి చరిత్రకారుడు దానిని చదవగలుగుతున్నాడు. సాఫ్ట్‌వేర్ మారినప్పుడు తొలగిన నియమానికి అటువంటి ఉత్తరం ఉండకపోవచ్చు. పాత వ్యవస్థలోని నివేదికలను, నియమాలను, లెక్కించే పద్ధతులను భద్రపరచడం ప్రభుత్వ పత్రభాండాగారాల కర్తవ్యం. అది జరిగితేనే అనంతపురం కూలీకి ఏమి దక్కిందో, ఎప్పుడు, ఎవరి నిర్ణయం వల్ల పోయిందో భావి పరిశోధకులు నిర్ధారించగలుగుతారు.