విక్టర్ పాస్మోర్: నైరూప్య చిత్రకళ నుండి బోధనా పద్ధతి వరకు

20వ శతాబ్ది బ్రిటిష్ చిత్రకళలో విక్టర్ పాస్మోర్ (1908–1998) స్థానాన్ని చర్చించేవారు సాధారణంగా 1948 ప్రాంతంలో ఆయన దృశ్యచిత్రణను విడిచి నైరూప్యానికి మళ్ళడం దగ్గరే ఆగిపోతారు. ఆ మార్పు పూర్తి పర్యవసానం ఆయన చిత్రాలలో కంటే ఆయన తరగతి గదిలోనే స్పష్టంగా కనిపిస్తుంది.

పాస్మోర్ పూర్తికాల కళాశాల విద్య పొందినవాడు కాదు. లండన్ కౌంటీ కౌన్సిల్‌లో సుమారు పదేళ్ళు గుమాస్తాగా పనిచేస్తూ సాయంకాలపు తరగతులలో చిత్రలేఖనం అభ్యసించాడు. 1937లో విలియం కోల్డ్‌స్ట్రీమ్, క్లాడ్ రోజర్స్‌లతో కలిసి యూస్టన్ రోడ్ పాఠశాలను స్థాపించాడు. కంటికి కనిపించే దానిని నిష్ఠగా పరిశీలించి చిత్రించడం ఆ పాఠశాల సిద్ధాంతం. యుద్ధకాలంలో సైనిక సేవను నిరాకరించి జైలుకు వెళ్ళాడు. అనంతరం చిజిక్ వద్ద థేమ్స్ నదిని చిత్రించిన కాన్వాసులలో పొగమంచు, నీరు, ఒడ్డు క్రమంగా అడ్డగీతలుగా, చుక్కలుగా పలచబడతాయి. 1948నాటి మలుపు ఆకస్మికం కాదనడానికి ఈ చిత్రాలే ఆధారం. అయినా నాటి కళాలోకం దిగ్భ్రాంతి చెందింది. విమర్శకుడు హెర్బర్ట్ రీడ్ దానిని యుద్ధానంతర బ్రిటిష్ కళలో అత్యంత విప్లవాత్మక ఘటనగా పేర్కొన్నాడు. 1950ల ఆరంభంలో పాస్మోర్ రంగు వేసిన చెక్కతో, పారదర్శకమైన ప్లాస్టిక్ పలకలతో రిలీఫ్‌లు నిర్మించసాగాడు.

1954లో ఆయన న్యూకాజిల్‌లోని కింగ్స్ కాలేజీలో చేరాడు. అంతవరకు కళావిద్య అంటే ప్రధానంగా మోడల్‌ను ఎదుట కూర్చోబెట్టుకొని పోలికను సాధించడమే. పాస్మోర్, ఆయన సహోద్యోగి రిచర్డ్ హామిల్టన్ ఈ క్రమాన్ని తలకిందులు చేశారు. ‘బేసిక్ డిజైన్’ పాఠ్యక్రమంలో విద్యార్థి బిందువుతో, రేఖతో, తలంతో, వర్ణంతో మొదలుపెడతాడు. ఒక గుర్తు పక్కన మరొకటి చేరినప్పుడు ఏమి జరుగుతుందో గమనిస్తాడు. జర్మనీలోని బౌహౌస్ పాఠశాల, ముఖ్యంగా పాల్ క్లే బోధన, దీనికి ప్రేరణ. లీడ్స్‌లో హ్యారీ థుబ్రన్ కూడా ఇదే దిశలో కృషి చేశాడు. అయితే న్యూకాజిల్‌లో ఇద్దరు గురువుల దృష్టి ఒకటి కాదు. పాస్మోర్‌కు రూపం తనంతట తాను పరిణమించే ప్రక్రియ ముఖ్యం. హామిల్టన్‌కు యంత్రాలు, వాణిజ్య ప్రకటనలు, ఆధునిక జీవన చిహ్నాలు కూడా పాఠ్యాంశాలే. ఈ అంతరమే ఆ తరగతికి జీవం పోసిందనవచ్చు. 1959లో ‘ది డెవలపింగ్ ప్రాసెస్’ ప్రదర్శన ఈ పద్ధతిని లండన్ ప్రేక్షకులకు పరిచయం చేసింది. మరుసటి సంవత్సరం వెలువడిన ప్రభుత్వ కళావిద్యా నివేదిక ఫలితంగా ఏర్పడిన డిప్లొమా పూర్వ పాఠ్యక్రమాలలో బేసిక్ డిజైన్ అభ్యాసాలు విస్తృతంగా చోటు చేసుకున్నాయి. ఆ నివేదిక సమర్పించిన సంఘానికి అధ్యక్షుడు యూస్టన్ రోడ్ నాటి మిత్రుడు కోల్డ్‌స్ట్రీమ్ కావడం గమనార్హం. ఆయన మాత్రం ప్రత్యక్ష పరిశీలనను ఎన్నడూ విడువలేదు. అన్వేషణగా పుట్టిన అభ్యాసాలు అనేక కళాశాలలలో అచ్చు నమూనాలుగా మారాయన్న విమర్శ నిరాధారం కాదు. నియమాలను ప్రశ్నించడం నేర్పిన పద్ధతి తానే ఒక నియమమయింది.

నైరూప్యానికి మరింత కఠిన పరీక్ష డర్హమ్ ప్రాంతంలోని నూతన పట్టణం పీటర్లీలో ఎదురయింది. 1955 నుండి ఆ పట్టణ రూపకల్పనలో పాల్గొన్న పాస్మోర్, అక్కడ చిన్న సరస్సు మీద కాంక్రీటుతో అపోలో పెవిలియన్‌ను నిర్మింపజేశాడు. మనుషులు లోపల నడవగలిగిన ఈ రిలీఫ్ 1969లో పూర్తయింది. గోడల నిండా రాతలు, రాత్రివేళ అల్లరిమూకలతో విసిగిన స్థానికులలో పలువురు దానిని కూల్చివేయమని కోరారు. ఆ నిర్మాణాన్ని 2009లో పునరుద్ధరించారు. 2011లో అది రక్షిత కట్టడాల జాబితాలో రెండవ శ్రేణి ప్రత్యేక హోదా పొందింది. అప్పటికి 1966 నుండి మాల్టాలో స్థిరపడిన పాస్మోర్ అక్కడే మరణించి పదమూడేళ్ళయింది.