సంఘ ధనము – నమ్మకమైన గృహనిర్వాహకత్వము



ఈ శతవార్షికోత్సవ సమయమున మన పితరులు కట్టిన దేవాలయములను, నెలకొల్పిన పాఠశాలలను, వైద్యశాలలను జ్ఞాపకము చేసికొని దేవుని స్తుతించుచున్నాము. అయితే ఆ గోడల వెనుకనున్న కానుకల చరిత్రను మనము అంతగా చెప్పుకొనము. ఆ కానుక ఎవరి చేతినుండి వచ్చినది? ఎవరు లెక్కించిరి? ఎవరి నిమిత్తము వ్యయపరచిరి? ఈ ప్రశ్నలు చిన్నవి కావు. సంఘములలో తగవులు పుట్టిన చోట్ల సిద్ధాంత భేదములకంటె లెక్కల పుస్తకమే ఎక్కువసార్లు కారణమగుచున్నదని మనకందరికి తెలియును. కావున ఈ విషయమున మన పూర్వులు నడచిన త్రోవను కొంత పరిశీలింతము.

యోవాషు కాలపు పెట్టె

రెండవ రాజుల గ్రంథము 12వ అధ్యాయమును చదువుడి. యోవాషు యెరూషలేమును ఏలుచుండగా యెహోవా మందిరము శిథిలమై యుండెను. వచ్చు ధనముతో దానిని బాగుచేయవలెనని రాజు యాజకులకు ఆజ్ఞాపించెను. అయినను అతని ఏలుబడిలో 23వ సంవత్సరము వచ్చువరకు పని జరుగలేదు. ఆ యాజకులు దొంగిలించిరని వాక్యము చెప్పుట లేదు. ధనము వచ్చుచునే యుండెను, కాని దానికి ఒక పద్ధతి లేదు.

అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, దాని మూతకు బెజ్జము చేసి, బలిపీఠము దగ్గర కుడిప్రక్కన ఉంచెను. పెట్టె నిండినప్పుడు రాజుయొక్క లేఖకుడును ప్రధాన యాజకుడును కలిసి లెక్కించి, సంచులలో కట్టి, పని చేయించువారి చేతికి ఇచ్చుచు వచ్చిరి. వారు దానిని వడ్రవాండ్రకును రాతిపనివారికిని చెల్లించిరి. పరిహారార్థ బలుల సొమ్మును మాత్రము ఈ ధనములో కలుపలేదు, అది యాజకులది. పెట్టె అందరు చూచు చోట నుండుట, ఇద్దరు కలిసి లెక్కించుట, ఏ నిధిని ఆ నిధికే వాడుట అను మూడు సూత్రములు ఇక్కడనే ఉన్నవి. పని చేయించినవారు నమ్మకస్థులు గనుక వారిని లెక్క అడుగలేదని అదే అధ్యాయములో నున్నది. ఆ ఒక్క మాటను పట్టుకొని లెక్కలు అక్కరలేదనువారు, ఆ ధనము వారి చేతికి రాకముందే ఇద్దరిచేత లెక్కింపబడెనను సంగతిని మరువరాదు.

అపొస్తలుల మార్గము

ప్రభువు శిష్యులలో డబ్బు సంచి యూదా యొద్దనుండెను. అతడు దానిలోనిది దొంగిలుచు వచ్చెనని యోహాను సువార్త దాచక చెప్పుచున్నది. ప్రభువు చెంతనే జరిగిన పని మన మధ్య జరుగనేరదని ఎవరు అనగలరు?

పౌలు యెరూషలేములోని బీదల నిమిత్తము గలతీయ, మాసిదోనియ, అకయ సంఘములలో చందా పోగుచేసినప్పుడు ఎంత జాగ్రత్త వహించెనో చూడుడి. ఆదివారమున ప్రతివాడును తన వర్ధిల్లిన కొలది తీసి యుంచవలెనని వ్రాసెను. ఆ ధనమును తాను ఒంటరిగా మోసికొని పోవుటకు ఒప్పుకొనలేదు. సంఘములు ఏర్పరచిన సహోదరుడు తీతుతో కూడ వెళ్లెను. ప్రభువు దృష్టియందే గాక మనుష్యుల దృష్టియందును యోగ్యముగా నుండవలెనని పౌలు తలంచెను. అపొస్తలునికే సాక్షులు అవసరమైనప్పుడు కాపరులమైన మాకు మరి ఎంత అవసరము!

తరువాతి శతాబ్దములు

క్రీ.శ. 155 ప్రాంతమున రోములో యూస్టిను, 197 ప్రాంతమున కార్తేజీలో తెర్తుల్లియను వ్రాసిన సమర్థనలలో నాటి సంఘ నిధి కనబడును. బలవంతము లేకుండ ఎవరి శక్తికొలది వారు నెలకొకసారి ఇచ్చుచుండిరని తెర్తుల్లియను చెప్పెను. ఆ సొమ్ము విందులకు పోలేదు. బీదల భూస్థాపనకు, అనాథ పిల్లలకు, వృద్ధులకు, ఓడ పగిలినవారికి, చెరసాలలోని విశ్వాసులకు పోయెను.

ఆ కాలములోను పడిపోయినవారు లేకపోలేదు. ఫిలిప్పీ సంఘములో వాలెన్సు అను పెద్ద ధనాపేక్షవలన తన స్థానమును చెరుపుకొనగా, స్ముర్న అధ్యక్షుడైన పోలికార్పు ఆ సంఘమునకు వ్రాయుచు మిక్కిలి దుఃఖపడెను. తప్పును కప్పిపుచ్చలేదు. అయినను అతనిని శత్రువుగా ఎంచక, వ్యాధిగొన్న అవయవమువలె తిరిగి చేర్చుకొనుడని బ్రతిమాలెను. మన కమిటీలు నేర్చుకొనవలసిన పాఠమిది.

మధ్య యుగములలో ధనము సంఘమును ఏలినప్పుడు ఏమి జరిగినదో మనకు తెలిసినదే. రోములోని పేతురు దేవాలయ నిర్మాణమునకును, ఒక ఆర్చిబిషప్పు అప్పు తీర్చుటకును పాపపరిహార పత్రములు విక్రయింపబడగా 1517లో లూథరు లేచెను.

ఒక పెన్నీ కథ

1742లో ఇంగ్లాండులోని బ్రిస్టలు పట్టణమున మెథడిస్టుల ప్రార్థనామందిరము అప్పులో నుండెను. ప్రతి సభ్యుడు వారమునకొక పెన్నీ ఇయ్యవలెనని ఒకరు సలహా చెప్పిరి. అనేకులు బీదలు, ఇయ్యలేరని మరియొకరు ఆక్షేపించిరి. అందుకాయన, పదునొకండుగురు బీదలను నాకు అప్పగించుడి, వారిని నేను వారమువారము దర్శించెదను, వారు ఇయ్యలేనిది నేనే చెల్లించెదను అను భావముతో బదులిచ్చెను. ఇట్లు ఇంటింటికి వెళ్లిన నాయకులకు ఆ ఇండ్లలోని కష్టములు, పాపములు, ప్రార్థనలు తెలియవచ్చెను. జాన్ వెస్లీ దీనిని గ్రహించి క్లాసు కూటములను ఏర్పరచెను. అప్పు తీర్చుటకు పుట్టిన ఏర్పాటు ఆత్మల సంరక్షణగా మారినది. చందా పుస్తకముతో మీ ఇంటికి వచ్చు పెద్ద వట్టి వసూలుదారుడు కాడు, కాకూడదు.

తెలుగు నేలపై

1876–78 నాటి గొప్ప కరవులో ఒంగోలు బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాము కాలువలో ఒక భాగము త్రవ్వించు కాంట్రాక్టు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించెను. దయాధర్మముగా గాక కూలిగా వారికి డబ్బు ముట్టెను. ఆ దినములలో బాప్తిస్మము కోరినవారు అనేకులున్నను, అన్నముకొరకు వచ్చిరను మాట రాకుండ, సహాయము పంచుచున్నంత కాలము ఆయన వారిని చేర్చుకొనలేదు. కరవు సాయము ముగిసిన పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది ఒక్క దినమున బాప్తిస్మము పొందిరి. ధనమునకును విశ్వాసమునకును నడుమ అట్టి గీత గీయుటకు ధైర్యము కావలెను.

వేదనాయకము శామ్యూల్ అజరయ్యగారి మాట చెప్పక ఈ చరిత్ర పూర్తికాదు. 1905లో శ్రీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనలో పాల్గొనిన ఆయన, భారతీయుల సేవకు భారతీయుల ధనమే ఆధారము కావలెనని నమ్మెను. 1909లో దోర్నకల్లు చేరి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు మొదటి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. ఆయన మందలో అత్యధికులు దళిత కూలీలు. వీరేమి ఇయ్యగలరని కొందరు తలంచిరి. ఆయన అట్లు తలంచలేదు. వంటకు బియ్యము పోయునప్పుడెల్ల తల్లులు ఒక పిడికెడు తీసి ప్రత్యేకముగా ఉంచి ఆదివారమున దేవాలయమునకు తెచ్చిరి. కోడి, గ్రుడ్లు, ధాన్యము, కూరగాయలు కానుకలాయెను. ఇతరులనుండి పుచ్చుకొనుటకే పుట్టితిమని లోకము చెప్పినవారు, బలిపీఠము ఎదుట ఇచ్చువారుగా నిలువబడిరి. అది వారికి గౌరవము. దోర్నకల్లు కథీడ్రలు అట్లు ఎదిగి 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడినది.

నేడు మన బాధ్యత

1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఆస్తులను భద్రపరచుటకు ట్రస్టు అసోసియేషను కంపెనీ చట్టము క్రింద నమోదైనది. విదేశీ విరాళములపై 1976లో వచ్చిన చట్టమునకు బదులు 2010లో కొత్త చట్టము వచ్చినది. చట్టములు మంచివే. అయితే చట్టమునకు భయపడి వ్రాయు లెక్క వేరు, పిడికెడు బియ్యమునకు భయపడి వ్రాయు లెక్క వేరు. ఆ పిడికెడు ఒక తల్లి తన పిల్లల కంచములోనుండి తీసినది.

కావున ఆరాధన ముగియగానే కానుకను ఇద్దరు లేక ముగ్గురు కలిసి లెక్కించి సంతకములు చేయుదము. ప్రతి చందాకు రశీదు ఇత్తము. కట్టడ నిధిని జీతములకు, బీదల నిధిని పండుగ భోజనములకు మరలింపకుందము. నేడు అనేకులు ఫోను ద్వారా కానుక పంపుచున్నారు, అది సంఘ ఖాతాకే చేరవలెను గాని ఏ కాపరి, ఏ కోశాధికారి సొంత ఖాతాకును చేరరాదు. సంవత్సరాంతమున ఆడిట్ అయిన లెక్కలను సంఘము ఎదుట చదువుదము. చదువురాని వృద్ధురాలు ప్రశ్న వేసినను ఓపికతో జవాబు చెప్పుదము. లెక్క అడుగుట అవిశ్వాసము కాదు, లెక్క చెప్పుట అవమానము కాదు.

మన పితరులు తమ లేమిలోనుండి ఇచ్చినది మన చేతికి వచ్చినది. రాబోవు నూరేండ్లవారు మన లెక్కల పుస్తకములను తెరచి చూచునప్పుడు వాటిలో ప్రభువు భయమును చదువగలుగునట్లు, భళా, నమ్మకమైన మంచి దాసుడా అను పిలుపుకు మనమందరము పాత్రులమగునట్లు, దేవుడు మనకు కృప ననుగ్రహించును గాక. ఆమేన్.