చందవరపు శిల కథ

మన గ్రంథాలయమున అపరాధపరిశోధక నవలలకు బీరువాలో విశ్రాంతి దొరకదు. వానిని మించిన కథ మన పొరుగుననే జరిగినది.

దొనకొండ సమీపమున, గుండ్లకమ్మ యొడ్డున, సింగరకొండపై చందవరపు మహాస్తూపము కలదు. 1964లో వేలూరి వేంకటకృష్ణశాస్త్రిగారు దీనిని కనుగొనిరి. 1972-77 నడుమ త్రవ్వకములు సాగెను. 2000, 2001 సంవత్సరములలో అచ్చట దొంగతనములు జరిగెను.

బుద్ధుని ఆరాధకులను చెక్కిన సున్నపురాతి ఫలకమొకటి, క్రీస్తుశకము మూడవ శతాబ్ది నాటిది, కాన్‌బెర్రాలో ప్రత్యక్షమైనది! ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలవారు 2005లో దానిని న్యూయార్కు వర్తకునివద్ద 5,95,000 అమెరికా డాలర్లకు కొనిరి.

భూమికి దస్తావేజువలె పురాతనశిలకును చేతులు మారిన చరిత్ర కావలెను. కాగితము లెంత పొందికగా నున్నను హద్దు కుదరనిచో చెల్లవు. ఇచ్చట హద్దురాయి యైనది ఛాయాచిత్రము. 1990వ దశకమున ఆ ఫలకము చందవరముననే యున్నట్లు అది తేల్చెను. 1972 నాటి పురావస్తు శాసనము ప్రకారము ప్రయివేటు వ్యక్తులు అట్టి వస్తువును దేశము దాటింపరాదు. కనుక అది చోరసొత్తే. శివాలయము వెనుక, చెరువుకట్ట మీద పడియున్న మన వీరగల్లులకు ఛాయాచిత్రము లేవి? గ్రంథాలయమువారు ఒక చిట్టా తెరచిన బాగుండును. వ్రాయుటకు నేను సిద్ధము.

ఆస్ట్రేలియావారు మంకుపట్టు పట్టలేదు. 2016 సెప్టెంబరులో వారి మంత్రి కాన్‌బెర్రాలోనే మన సాంస్కృతికశాఖ మంత్రి మహేశ్ శర్మగారికి ఆ ఫలకమును అప్పగించెను.